ఒక్క లాగుకు వీడే ముడి

చనిపోయినవాళ్లు కాదనలేరు కాబట్టి మన సంఘాలకు వాళ్లంటే ప్రత్యేకమైన ప్రేమ. పోయిన నెల, ఆస్ట్రేలియాలో మేముండే కానింగ్ వేల్ తెలుగువాళ్ల గ్రూపులో ఒక పోస్టరు వచ్చింది. మధ్యలో ఆయన ముఖం, ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు మీది ఫొటోలోంచి కత్తిరించింది. వెనక ఒక యుద్ధట్యాంకు. పైన రెండు హెలికాప్టర్లు. ఛాతీ మీద ఎవరివో నాలుగు పతకాలు. కింద పెద్ద అక్షరాలతో “వీరసైనికునికి అశ్రునివాళి”. ఆ ట్యాంకు ఏ దేశానిదో పోస్టరు తయారుచేసినవాడికి తెలియదు. నాకు తెలిసి ఆయన నడిపిన అతి పెద్ద వాహనం కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో ఉల్లిపాయల ప్యాలెట్లు మోసే ఫోర్క్‌లిఫ్టు. ఒకరోజు షిఫ్టు ముగించుకుని, ఆ ప్యాలెట్ల పక్కనే కూర్చుని, మళ్లీ లేవలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివర చెబుతాను.

ఆయన బర్మా తెలుగువాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లిన కుటుంబం. మా ఐటీ మిత్రులకు ఈ చరిత్ర తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. ఆయన మాట వినగానే “అంకుల్, మీది వైజాగా?” అనేవారు. “మాది మౌల్మేను దగ్గరమ్మా” అంటే, “ఓ, గాజువాక దాటాక వస్తుందా?” అని అడిగిన అమ్మాయి నాకు తెలుసు. ఆయన ఓపిగ్గా “ఇంకా చాలా దాటాలమ్మా” అన్నాడు.

సంఘం అద్దెకు తీసుకునే కమ్యూనిటీ హాలు తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఉగాది కానీ, పిల్లల డాన్సు పోటీలు కానీ, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లను బొటనవేలితో కణుపుల మీద లెక్కపెట్టేవాడు. వెళ్లేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేవాడు. రెండు లెక్కలూ కలిస్తేనే తాళం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకటి తక్కువైంది. మా అధ్యక్షుడు కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు.

“అంకుల్, ఎవరో బ్యాక్ డోర్ నుంచి వెళ్లుంటారు. క్లోజ్ చేసేద్దాం, నాకు ఇంకో ఫంక్షన్ ఉంది.”

“ఒకడు తక్కువున్నాడు బాబూ. ఎతుకుదారి.”

“అంకుల్, ఇది మిలిటరీ కాదు.”

“అందుకే ఎతుకుదారంటన్నాను. మిలట్రీలో అయితే ఎతకరు.”

ఇరవై నిమిషాలకు దొరికాడు. స్టోర్ రూములో మడత కుర్చీల వెనక నిలబడి ఫోన్లో భార్యకు సంజాయిషీ ఇచ్చుకుంటున్న మా కోశాధికారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “మిలట్రీలో అయితే ఎతకరు” అన్న మాట మీద మాత్రం ఎవరి మనసూ నిలవలేదు. నాదీ నిలవలేదు.

ఇంకో అలవాటు, ముడులు. పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నప్పుడు మావాళ్లు ఎండకు టార్పాలిన్ కడతారు. మావాళ్ల ముడులంటే శాశ్వత కట్టడాలు, కత్తెర లేనిదే విడిపోవు. ఆయన వాటన్నిటినీ విప్పి మళ్లీ కట్టేవాడు. ఆయన ముడి ఎంత గాలికైనా కదలదు కానీ కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. చెత్త సంచికీ అదే, బూట్ల లేసుకీ అదే. “ఇప్పడానికి రాని ముడి ఏటికమ్మా” అనేవాడు.

నెలకో శనివారం అదే హాలు పక్కగదిలో మా హేతువాద చర్చ జరిగేది. ఆస్ట్రేలియాలో మూఢనమ్మకాలను నిర్మూలించే మహోద్యమం అది. ఆయన వెనక కూర్చుని మొత్తం వినేవాడు, చివర నివేదిక ఇచ్చేవాడు. “ఏడుగురొచ్చేరు మాష్టారూ. ఇద్దరు టీ తాగి ఎల్లిపోయేరు. ఒకాయన నిద్దరోతన్నాడు, లేపమంటారా?”

ఆగస్టు పదిహేనున ఆయన్ని బలవంతంగా వేదిక ఎక్కించారు. “మన జవాన్” అని అధ్యక్షుడు పరిచయం చేశాడు.

“నాను మన దండు కాదు బాబూ, బర్మా దండు” అన్నాడాయన మైకులోనే.

“పర్లేదంకుల్, ఆర్మీ ఈజ్ ఆర్మీ.”

ముందు వరసలో ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది. “అంకుల్, డిడ్ యూ షూట్ ఎనీవన్?”

“లేదమ్మా. బియ్యం కొలిచేను.”

చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఎత్తిన చేతులు అలాగే దిగిపోయాయి.

ఆయన నిజంగానే బియ్యం కొలిచాడు. పదిహేడో ఏట రైల్వేస్టేషన్లో పట్టుకుపోయారు. “నాను దండులో చేరలేదు మాష్టారూ, దండే నన్ను చేర్చుకుంది” అనేవాడు. నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి రేషన్ లెక్క అప్పగించారు. పొద్దునా సాయంత్రం తలలు లెక్కపెట్టడం, తలకింత అని బియ్యం కొలవడం, పుస్తకంలో అంకె వెయ్యడం. ఎవరి మీద యుద్ధం అని ఒకసారి అడిగాను. “మా దేశపోళ్ల మీదేనండి. బయటి దేశాలోళ్లతో మాకెప్పుడూ పేచీ లేదు, అందరితోనూ స్నేహమే” అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

అమ్మా నాన్నా పోయాక అక్కను కూడా క్యాంపులోకే తెచ్చుకున్నాడు. అక్కడ సిపాయిల కుటుంబాలు కంచె లోపలే ఉండాలి. వరసగా రేకుల గదులు, తలకింత నూనె, తలకింత బియ్యం. మగవాళ్లు అడవిలోకి వెళితే ఆడవాళ్లు మైదానంలో గడ్డి పీకాలి, కంచె దగ్గర కాపలా నిలబడాలి, పొద్దుటి లెక్కలో వాళ్లూ వరసలో నుంచోవాలి. దీన్ని పై అధికారులు కుటుంబ సంక్షేమం అనేవారట. సంక్షేమమే మరి. తల్లో పెళ్లామో అక్కో కంచె లోపల ఉంటే ఏ సిపాయి పారిపోతాడు? కుటుంబ బంధాల గురించి మనవాళ్లు ఉపన్యాసాలు ఇస్తుంటే నాకు ఆ కంచె గుర్తొస్తుంది. బంధాల విలువ ఆ అధికారులకు తెలిసినంతగా మన ఉపన్యాసకులకు తెలియదు.

నాలుగేళ్లకు అక్కకు పెళ్లయింది. దగ్గరి ఊళ్లో బజారులో గారెలు వేసి అమ్ముకునే తెలుగువాడు. ఆమె కంచె దాటి వెళ్లిపోయింది. ఆ బావగారే ఇప్పుడు మా సంఘానికి గౌరవ సలహాదారు, కానింగ్ వేల్‌లో రెండు ఇళ్ల యజమాని, ఏటా వెంకన్న కల్యాణానికి ముఖ్యదాత. అంతకుమించి, ఆయన ఒక మహిమకు ప్రత్యక్షసాక్షి. ఆ మహిమను ప్రతి ఏడూ కల్యాణం రోజున మైకులో వినేవాళ్లం.

ఒకనాడు బజారులో సైన్యం మనుషుల్ని పట్టుకుంది, మూటలు మోయడానికి. నలభై మంది. ఒక్కొక్కడి మణికట్టుకూ ఒక చిన్న తాడు, ఆ తాళ్లన్నీ ఒక పొడుగు తాడుకు ముడి. గారెల బావగారు అందులో ఒకడు. ఒళ్లు కాలిపోయే జ్వరం. రాత్రంతా వెంకన్నను తలుచుకున్నాడు. తెల్లారి గెడ్డ దగ్గర నీళ్లు తాగడానికి ఆపినప్పుడు చెయ్యి లాగితే ముడి దానంతటదే వీడింది. తుంగలో పడి పాకుతూ ఇల్లు చేరాడు. “ఒక్క లాగుకి! ఆ ఏడుకొండలోడే ఇప్పేడు!” అనేవాడు చెయ్యెత్తి. హాలంతా గోవిందలు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలో పండిపోయినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

మూడేళ్ల కిందట నేను ఉండబట్టలేక లేచాను. “మిగిలిన ముప్ఫై తొమ్మిది మంది తాళ్లు ఆ దేవుడు ఎందుకు విప్పలేదు?” అని గట్టిగా అడిగాను.

పెద్ద గొడవైంది. “మాష్టారూ, పండగ పూట ఇదేంటి సార్!” అని ఒకరు, “సెంటిమెంట్స్ హర్ట్ చేయకండి ప్లీజ్” అని ఇంకొకరు. నా ప్రశ్నకు జవాబు లేదని నాకు తెలుసు. జవాబు లేని ప్రశ్న వేసినవాడికి కలిగే గర్వంతో కూర్చున్నాను. వెనక తలుపు దగ్గర ఆయన కణుపుల మీద బొటనవేలు అలాగే ఆగిపోయి ఉంది.

తర్వాతి శనివారం చర్చ అయ్యాక అందరూ వెళ్లారు. ఆయన కుర్చీలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

“మీరడిగేరు కదండి, మిగతా ముప్పై తొమ్మిది మందివీ ఎందుకు ఇప్పలేదని.”

“అది దేవుణ్ణి అడిగాను.”

“టైము లేదండి.”

నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగాను.

“పొద్దువాలే వేళండి. బియ్యం లెక్కకి ఒక్కొక్కడి భుజం ముట్టుకుంటూ వస్తన్నాను. ఇరవయ్యారో వోడు మా బావ. జొరంతో తల ఎత్తలేడు. పొగకి నా మొహానికి తువ్వాలు చుట్టుకుని ఉంది, నన్ను చూసినా పోల్చలేడు. పలకరిస్తే ఇద్దరం అయిపోతాం. ఈడి ముడి వదులైందని గార్డుతో చెప్పి మళ్లీ కట్టేను. నా ముడి. గార్డు చూస్తన్నాడు. ఒక్క ముడికే టైముంది.”

మర్నాడు గెడ్డ దాటాక ఆఫీసరు ఎందరని అడిగాడు. ఈయన నలభై అన్నాడు. పుస్తకంలో నలభై వేశాడు.

“మూటలు కూడా నలభయ్యేనండి. ఒక మూట నేల మీద ఉండిపోనాది. నా లెక్కని ఆ మూట పట్టించీసింది.”

“కొట్టాడా?”

“లేదండి. నవ్వేడు. ‘నలభై అని రాసేవు కదా, నలభై చేద్దాం’ అన్నాడు. గట్టు కింద ఒకడు గేదెని కడుగుతున్నాడు. ఆణ్ణి తెచ్చేరు. మూట ఎత్తేరు.”

ఇంకో కుర్చీ మడతపెట్టాడు.

“గేదె మా ఎనకే వచ్చింది మాష్టారూ. రెండు మైళ్లు. తోలితే పోదు. ఆడు ఎనక్కి తిరిగి దానికేదో చెప్తన్నాడు, ఇంటికి పొమ్మనేమో. ఆ బాస నాకు రాదు.”

“అతని పేరు?”

“నా పుస్తకంలో పేరు గడి లేదండి. అంకె గడే ఉంది. మూడో రోజు ఆణ్ణి ముందు నడిపించేరు. దారిలో మందుపాతర. సాయంత్రానికి మళ్లీ ముప్పై తొమ్మిదే.”

ఆ నెలలోనే ఆయన దండు వదిలి పారిపోయాడు. అక్క కంచె బయట ఉంది కాబట్టి పారిపోగలిగాడు. సరిహద్దు దాటి, అప్పటికే అటు చేరిన అక్కాబావల్ని కలుసుకున్నాడు. ఏళ్ల తర్వాత ముగ్గురూ ఇక్కడికి చేరారు.

ఇది విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదని ఒప్పుకోవాలి. సంతోషం. మహిమల మీద ఇన్నేళ్లుగా పోట్లాడుతున్నవాడికి ఒక మహిమ ముడితో సహా చేతికి దొరికింది. “మీరు వేదికెక్కి చెప్పాలి. తాడు విప్పింది దేవుడు కాదు, మనిషి అని జనానికి తెలియాలి” అన్నాను. నా గొంతు అప్పటికే ఉపన్యాసంలోకి వెళ్లిపోయింది.

“చెప్తే బావ అడుగుతాడు కదండి.”

“ఏమని?”

“మరి లెక్క ఎలా సరిపెట్టేవురా అని. ఇప్పుడైతే ఆ బరువు దేవుడి మీదుంది. నాను దించీసేననుకోండి, బావ మోయలేడు. గుండెకి రెండు స్టెంట్లున్నాయి. అక్క అసలే మోయలేదు. మీరు ఆళ్లకి చెప్పనని మాటివ్వాలి.”

దేవుణ్ణి నేను చాలా రకాలుగా తిట్టాను. మూటలు మోసే కూలీగా ఉపయోగపడతాడని మాత్రం ఎప్పుడూ ఊహించలేదు. మాటిచ్చాను. అప్పుడు ఆయన అసలు అడగాలనుకున్నది అడిగాడు.

“మీరు పాపం లేదంటారు కదండి. మరి ఇదేటి?”

నేను చెప్పాను. బాగానే చెప్పాను. పరిస్థితుల గురించి, రాజ్యం గురించి, తుపాకీ ఎవరి చేతిలో ఉందో నేరం వాళ్లదేనన్న దాని గురించి, పది నిమిషాలు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అంటే నా తప్పు లేదంటారు.”

“లేదు.”

“ఎవరిదో సంగతన్నట్టు అడిగితే గుళ్లో పంతులుగారు కూడా ఆఖరికి అదే అన్నారండి. ఆయనైతే శాంతి చేయించి వెండి తాడు దానం ఇమ్మన్నారు. మీరు ఊరికే చెప్పేరు.”

ఆ మాటలో ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. వాదనల్లో నన్ను ఓడించామనుకున్న పండితులు చాలామంది ఉన్నారు, పంతులుగారి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది మాత్రం ఈయనొక్కడే.

“మరి నాకెందుకు చెప్పారు?” అన్నాను.

“లెక్క తెలిసినోడు ఇంకొకడుండాలి కదండి. నాను పోతే ఆ మడిసి అసలు లేనట్టే అయిపోతాడు.”

మరుసటి ఏడు కల్యాణం రోజున బావగారు మళ్లీ చెయ్యెత్తాడు. ముడి మళ్లీ దానంతటదే వీడింది. హాలంతా నా వైపు తిరిగింది. నేను పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. నేను మారిపోయానని ఆ సాయంత్రానికే వార్త పాకింది. ఒకావిడ పులిహోర ప్రసాదం డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చిచ్చింది. “ఆయన టైం వచ్చినప్పుడు ఆయనే పిలుస్తాడు మాష్టారూ” అంది ఎంతో దయగా. హేతువాద జీవితంలో ఇంతటి అవమానం నాకు ఎన్నడూ జరగలేదు. పులిహోర బాగుంది.

సంస్మరణ సభ అదే హాల్లో జరిగింది. వేదిక మీద ఆ పోస్టరు, ఆ ట్యాంకు. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఖాళీ. అధ్యక్షుడు ఆయన్ని ఇన్‌స్పిరేషన్ అన్నాడు, ఇంకొకాయన లెజెండ్ అన్నాడు. బావగారు లేచి, పాపం ఈసారి మాటలు తడబడుతూ, మహిమ చెప్పాడు. నా తాడు ఇప్పిన సామే మా బావమరిదిని తీసుకుపోయేడని ఏడ్చాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. నన్ను పిలిచినప్పుడు అధ్యక్షుడు చెవిలో, “సార్, లైట్‌గా. దేవుడి టాపిక్ వద్దు” అన్నాడు.

“ఆయన మనల్ని లెక్కపెట్టేవాడు. ఒకరు తక్కువైతే తలుపు వెయ్యనిచ్చేవాడు కాదు” అన్నాను. అంతే చెప్పి దిగిపోయాను. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అదే. చప్పట్లూ దానికే ఎక్కువ పడ్డాయి.

మంచినీళ్లకు వంటగదిలోకి వెళ్లాను. వాళ్లక్క ఒక్కర్తే ఉంది, చెత్త సంచి మూతి కడుతోంది. ఆ ముడే. నన్ను చూసి తలుపు దగ్గరగా వేసింది.

“మా తమ్ముడు మీకు చెప్పేడు కదండి.”

“ఏదమ్మా?”

“మీకు నటించడం రాదు మాష్టారూ. రెండేళ్లనుంచీ కల్యాణం రోజు మీరు దేవుణ్ణి తిట్టడం మానీసేరు.”

నేను గ్లాసు కుళాయి కింద పెట్టాను.

“మా ఆయన ఇంటికొచ్చినప్పుడు మణికట్టుకి తాడు ముక్క ఏలాడుతోంది. నానే ఇప్పేను. కొస మడత అలాగే ఉండిపోనాది. ఈ ముడి మా అయ్య పడవకి ఏసీవోడు. మాకిద్దరికీ నేర్పేడు. దేవుడికి నేర్పలేదు.” సంచి పక్కన పెట్టింది. “తాడు ఎవరిప్పేరో నాకు ఆ రోజే తెలుసు. తెలీంది ఒకటే. లెక్క ఎలా సరిపెట్టేడు? కంచె లోపల నాలుగేళ్లున్నానండి. అక్కడ లెక్క తగ్గనివ్వరు.”

అక్క మోయలేదని ఆయన అన్నాడు. అక్కేమో ఇన్నేళ్లుగా సగం మూట ఒక్కర్తే మోస్తోంది. నిజం చెప్పండి, నిజం చెప్పండి అని ఊరందరి ప్రాణం తీసినవాణ్ణి నేను. నేను మాటిచ్చిన మనిషి పోస్టరులో ట్యాంకు ముందు నిలబడి ఉన్నాడు, అడిగిన మనిషి నా ఎదురుగా ఉంది. హాల్లోంచి బావగారి దగ్గు వినిపిస్తోంది.

“గట్టు కింద ఒకతను గేదెను కడుగుతున్నాడమ్మా” అన్నాను.

మిగతాదంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకోలేదు. “గేదె ఇల్లు చేరిందా?” అంది.

“తెలియదు.”

“చేరితే ఇంట్లోవోళ్లకి అప్పుడే తెలిసుంటాది.”

తర్వాత ఆమె మామూలు గొంతుతో, “మీరు పుస్తకాలు రాస్తారు కదా. ఇది రాయండి” అంది.

“మీ ఆయన చదివితే?”

“ఆయనకి తెలుగు చదవడం రాదండి, బర్మా బళ్లో చదివేరు. మా పిల్లలకీ రాదు. మీ పుస్తకాలు మా ఇంట్లోనూ, మీ సంఘంలోనూ ఎవరూ చదవరు, బెంగెట్టుకోకండి. పేరు మాత్రం రాయకండి.”

“మీ తమ్ముడి పేరా? ఎందుకమ్మా? దాచుకోవలసిన పని ఆయనేమీ చెయ్యలేదు.”

“ఆ గేదెల మడిసి పేరు మీకు తెలుసా?”

“తెలియదు.”

“మరి మావోడి పేరొక్కటీ ఏటికి?”

సంచి నా చేతికిచ్చింది.

“ఇది బయట డబ్బాలో పడీసి, తలుపు కాడ కూకోండి. అందరూ ఎల్తన్నారు, లెక్కెట్టండి. సరిపోతే తాళం ఏద్దాం.”